ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నా ఏటీఆర్ (రెండు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం) ఐడిల్‌లోనే 35 నాట్లు పరిగెడుతోంది, బ్రేకులు కాలిపోతున్నాయి. మీరంతా టర్బోప్రాప్‌తో టాక్సీ (నేల మీద నడపడం) ఎలా చేస్తున్నారు?

గోదారి_గట్టు
మూడు రోజుల నుంచి ఇదే గోల. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్ 72-600 వేసుకుని వెళ్తున్నా. గాల్లో ఉన్నంతసేపూ బంగారం. మధురపూడిలో (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) దిగి, రన్‌వే మీదే వెనక్కి తిరిగి ఏప్రన్‌కి (విమానాలు నిలిపే చోటు) వస్తుంటే మొదలవుద్ది తంటా. థ్రాటిల్ పూర్తిగా కిందికి లాగేశా. అయినా స్పీడు 15, 20, 28... చూస్తుండగానే 35 నాట్లు. బ్రేకు తొక్కితే తగ్గుద్ది, వదిలితే మళ్లీ పరుగు. ఏప్రన్ చేరేసరికి బ్రేక్ హాట్ లైటు వెలిగిపోతోంది. నిన్నయితే మలుపులో ముక్కు చక్రం జారి విమానం గడ్డిలోకి దిగిపోయింది.

చిన్నప్పటి నుంచి ఆ ఎయిర్‌పోర్టు పక్క ఊళ్లో గోడ మీద కూర్చుని విమానాలు చూసినవాణ్ణండి. నిజం ఏటీఆర్ ఎంత నిమ్మళంగా నడిచి వస్తుందో నాకు తెలుసు. డబ్బులు పెట్టి కొన్న యాడాన్ (సిమ్‌కి విడిగా కలిపే విమానం) ఇలా చేస్తుంటే మనసు ఒప్పుకోవట్లేదు. లోపం దాంట్లోనా, నా సెట్టింగులోనా?

వరంగల్_వింగ్స్
గదే లొల్లి నాకు సుత ఉండె అన్నా. సిమ్‌ల టర్బోప్రాప్ అంటే గంతే. నేనైతే దిగినంక కుడి ఇంజిన్ బంద్ జేసి ఒక్కదాంతోనే నడిపిస్త. పని ఎల్లుతది.

కీబోర్డు_పైలట్
నాకు జాయ్‌స్టిక్కే లేదు. ఎఫ్2 మీట నొక్కి పట్టుకుంటా. నాది అస్సలు పరిగెత్తదు. ఎందుకో మాత్రం తెలీదు.

విండ్‌సాక్
కీబోర్డు_పైలట్ చెప్పిన దాంట్లోనే జవాబుంది. ఎఫ్2 నొక్కి పట్టుకుంటే లివరు ఫ్లైట్ ఐడిల్ దాటి ఇంకా వెనక్కి పోతుంది. గోదారి_గట్టు గారి థ్రాటిల్ ఫ్లైట్ ఐడిల్ దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం. కాక్‌పిట్‌లో పవర్ లివర్లు ఎక్కడున్నాయో ఒకసారి వంగి చూడండి. ఎఫ్‌ఐ (ఫ్లైట్ ఐడిల్) గీత మీదా, జీఐ (గ్రౌండ్ ఐడిల్) గీత మీదా?

గోదారి_గట్టు
ఎఫ్‌ఐ మీదే ఉన్నాయి. అది ఐడిలే కదండీ? అంతకన్నా కిందికి లాగితే రివర్స్ కదా?

విండ్‌సాక్
ఇక్కడే అందరం పొరబడేది. నేనూ రెండేళ్లు పొరబడ్డా, అందుకే వివరంగా రాస్తున్నా.

జెట్‌లో లివరు కిందికి లాగితే ఇంజిన్ నెమ్మదిస్తుంది, తోపు తగ్గుతుంది, అంతే. టర్బోప్రాప్ నేల మీద ఉన్నప్పుడు పవర్ లివరు చేసే అసలు పని వేరు. అది ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని మారుస్తుంది. ఏటీఆర్ గ్రౌండ్ ఐడిల్‌లో ఉన్నా ప్రొపెల్లర్ 70.8 శాతం వేగంతో తిరుగుతూనే ఉంటుంది. 100 శాతం అంటే నిమిషానికి 1200 చుట్లు, అంటే ఐడిల్‌లో దాదాపు 850. దాదాపు నాలుగు మీటర్ల వ్యాసం, ఆరు రెక్కలు. అంత పెద్ద పంకా 850 చుట్లు తిరుగుతుంటే, రెక్క కాస్త వాలుగా ఉన్నా చాలు, విమానాన్ని లాక్కుపోతుంది.

మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను తీసుకోండి. దాని రెక్కలకు ఆ కాస్త వంపు లేకుండా బల్లపరుపుగా చేసేస్తే, అయిదు మీద పెట్టినా గాలి రాదు. తిరగడం తిరుగుతుంది, చొక్కా గుండీ కూడా కదలదు. జీఐలో జరిగేది దాదాపు అదే. ఎఫ్‌ఐలో రెక్కకు ఇంకా వంపు మిగిలే ఉంటుంది. ఎందుకంటే ఎఫ్‌ఐ గాల్లో ఎగిరేటప్పటి కోసం పెట్టిన హద్దు. గాల్లో రెక్క అంతకన్నా చదును కాకూడదు, అయితే విమానం ముందు రెండు పెద్ద పళ్లేలు అడ్డం పెట్టినట్టే. ఆ హద్దు దాటి జీఐకి రావాలంటే లివర్లకున్న ట్రిగ్గర్లు వేళ్లతో ఎత్తాలి. నేల తగిలాకే ఎత్తుతారు.

మీరు మూడు రోజులుగా గాల్లో వాడాల్సిన ఐడిల్‌తో నేల మీద నడుపుతున్నారు. పరిగెత్తక ఏం చేస్తుంది చెప్పండి.

కడప_క్యాప్టెన్
ఫ్యాను ఉదాహరణ భలే ఉండాది సామీ. మా అబ్బోడికి చూపిస్తా.

కుడిసీటు
నిజం ఏటీఆర్‌లో కోపైలట్‌ని. విండ్‌సాక్ గారు రాసింది సరైనదే. మా వైపు టిల్లర్ (ముక్కు చక్రాన్ని తిప్పే చేతి పిడి) ఉండదు, అది కెప్టెన్ ఎడమ చేతి పక్కనే ఉంటుంది. కాబట్టి టాక్సీ వాళ్లదే. రోజూ పక్కన కూర్చుని చూసింది చెబుతున్నా.

ఏప్రన్ నుంచి కదిలేటప్పుడు లివర్లు వేలెడంత ముందుకి జరుపుతారు. విమానం కదలడం మొదలవగానే మళ్లీ జీఐకి తెచ్చేస్తారు. ఆ తర్వాత చాలాసేపు లివర్ల జోలికి వెళ్లాల్సిన పని ఉండదు. వేగం కాస్త పెరుగుతుంటే జీఐ నుంచి ఇంకొంచెం, అంటే చిటికెన వేలి మందం, వెనక్కి. అంతే. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం అలవాటైతే ట్రెయినింగులోనే మాన్పిస్తారు. వేగం ఎక్కువైతే ఒక్కసారి గట్టిగా తొక్కి కావలసినంత తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. సన్నగా తొక్కుతూ పోతే వేడెక్కేది బ్రేకే.

తిన్నగా ఉన్న చోట 20 నాట్లు, మలుపులో 10 లోపు. సిమ్‌లో కూడా అదే లెక్క పెట్టుకోండి.

వరంగల్_వింగ్స్
అక్కా, మరి రాజమండ్రి రన్‌వే 3165 మీటర్లాయె. 20 తోని పోతె పొద్దుగూకుతది గదా.

కుడిసీటు
20 నాట్లంటే గంటకి 37 కిలోమీటర్లు తమ్ముడూ. మొత్తం రన్‌వే ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లినా అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో మాకు ఆఫ్టర్ ల్యాండింగ్ చెక్‌లిస్టు అవుతుంది.

హ్యాంగర్_సీను
నేను మెయింటెనెన్స్ వైపు. వరంగల్ తమ్ముడికి ఒక మాట. ఒక ఇంజిన్‌తో టాక్సీ అనేది నిజంగానూ ఉంది, తప్పు కాదు. కానీ నువ్వు చేస్తున్నది జ్వరమొస్తే థర్మామీటర్ పగలగొట్టడం. లివరు ఎఫ్‌ఐలోనే ఉంది, తోపు సగం అయింది, అంతే. పైగా ఎడమ ఇంజిన్ ఒక్కటే లాగుతుంటే ముక్కు కుడికి పోతుంది, నువ్వు టిల్లర్‌తో ఎడమకి పట్టుకుంటూ ఉండాలి.

వరంగల్_వింగ్స్
నిజమే సీనన్నా, కుడికి గుంజుతది. గాలి వల్ల అనుకున్న ఇన్ని దినాలు.

గోదారి_గట్టు
సరేనండీ, అర్థమైంది. కానీ నా జాయ్‌స్టిక్‌కి థ్రాటిల్ అంటే బల్ల మీద చిన్న స్లయిడర్. కింద గేటు (ఎఫ్‌ఐ దగ్గర ఆపే అడ్డు) లేదు, ట్రిగ్గర్ లేదు. జీఐకి ఎలా వెళ్లాలి?

విండ్‌సాక్
ఏ సిమ్?

గోదారి_గట్టు
మైక్రోసాఫ్ట్ 2020. ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ప్లేన్ 12 కూడా ఉంది, తక్కువ వాడతా.

విండ్‌సాక్
మైక్రోసాఫ్ట్ దాంట్లో థ్రాటిల్ యాక్సిస్‌లు (స్లయిడర్ కదలికని సిమ్‌కి కట్టే సెట్టింగులు) రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి 0 నుంచి 100, ఇంకోటి మైనస్ 100 నుంచి 100. మొదటిది కడితే స్లయిడర్ అడుగు ఐడిల్ దగ్గర ఆగుతుంది. రెండోది కడితే మధ్యలో ఐడిల్, దాని కింద బీటా (లివరు నేరుగా రెక్కల కోణం మార్చే నేల మీది భాగం), రివర్స్ (వెనక్కి తోపు). అయితే కొన్ని యాడాన్లు తమ సొంత క్యాలిబ్రేషన్ పేజీ పెట్టుకుంటాయి. అలాంటి పేజీ ఉంటే ముందు అక్కడ ఎఫ్‌ఐ, జీఐ ఎక్కడో చూపించాలి.

ఎక్స్‌ప్లేన్‌లో బీటా టాగుల్, రివర్స్ టాగుల్ అని వేర్వేరు కమాండ్లున్నాయి. జాయ్‌స్టిక్ మీద ఒక బటన్‌కి బీటా కట్టేసుకుంటే చాలు. నేల తగిలాక నొక్కడం, బయల్దేరే ముందు తీసేయడం.

ఫ్రిస్కో_ఫీడర్
టెక్సస్ నుంచి. రోజూ కారవాన్‌లో (పీటీ6 టర్బోప్రాప్ ఇంజిన్ ఒకటే ఉన్న చిన్న విమానం) పార్సిళ్లు మోస్తా, రాత్రి ఇంటికొచ్చి సిమ్ వేస్తా. మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది, పగలంతా తోలిందే రాత్రి కూడా తోలాలా అని.

ఏటీఆర్ సంగతి నాకు తెలీదు కానీ పీటీ6 ఇంజిన్ సంగతి తెలుసు. ఇందులో ప్రొపెల్లర్‌కీ గ్యాస్ జనరేటర్‌కీ మధ్య ఇరుసు కలిసి ఉండదు. వెనక భాగం గాలిని కుదించి మండిస్తుంది, ఆ వేడి గాలి వేరే టర్బైన్ మీద కొడితే అది ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. అందుకే స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ కూత మొదలైపోతుంది, ప్రొపెల్లర్ మాత్రం కాస్త ఆగి తీరిగ్గా కదులుతుంది. సిమ్‌లో రెండూ ఒకేసారి తిరగడం మొదలైతే ఆ మోడల్ శ్రద్ధగా చేయలేదని నాకు అర్థమైపోతుంది.

675 గుర్రాల కారవాన్‌లో లో ఐడిల్‌కి ఎన్‌జీ (గ్యాస్ జనరేటర్ వేగం) 52 శాతం, హై ఐడిల్‌కి 65. హై ఐడిల్‌లో వదిలేసి టాక్సీ చేస్తే బండి గుర్రమే. టాక్సీలో నా కుడి చేయి ఎప్పుడూ పవర్ లివరు మీదే. ఐడిల్ గేటు వెనక్కి పావు అంగుళం లాగుతుంటే ఇంజిన్ శబ్దం మారదు, ఎన్‌జీ సూది కదలదు, కానీ ప్రొపెల్లర్ గొంతు మారుతుంది. సన్నటి కూత పోయి గరగర వస్తుంది, నడుముకి బెల్టు తగులుతుంది. ఇంకా వెనక్కి లాగితే అప్పుడు ఎన్‌జీ పెరుగుతుంది, అది రివర్స్. ఈ రెంటి మధ్య తేడా చెవికి, నడుముకి తెలుస్తుంది. సిమ్‌లో నడుముకి తెలీదు కాబట్టి చెవి మీద ఆధారపడాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని నడపండి.

ఇంకోటి. కంకర రన్‌వే మీద బీటా వాడను. రాళ్లు లేచి రెక్కల అంచులు చెక్కేస్తాయి. అక్కడ బ్రేకే దిక్కు.

కడప_క్యాప్టెన్
నేను పాసీఘాట్‌లో (అరుణాచల్ ప్రదేశ్) డోర్నియర్ 228 ఎక్కుతాండా సిమ్‌లో. 2022లో డిబ్రూగఢ్ నుంచి అక్కడికి నిజం విమానం మొదలైందని చదివి ఆశపడి కొన్నా. నా బాధ గోదారన్నకి పూర్తి ఎదురు. స్టార్ట్ అయితాది, శబ్దం చెవులు పగిలిపోతాది, లివరు ముందుకి తోస్తే కదలనే కదలదు. గాటికి కట్టేసిన ఎద్దు మాదిరి.

హ్యాంగర్_సీను
స్టార్ట్ లాక్స్ (రెక్కల కోణాన్ని పట్టి ఉంచే పిన్నులు) విప్పలేదు నువ్వు.

డోర్నియర్‌లో ఉండేది టీపీఈ331 ఇంజిన్, ఒక్కోటి 715 గుర్రాలు. ఫ్రిస్కో అన్న చెప్పిన పీటీ6కి ఇది పూర్తి భిన్నం. ఇందులో ప్రొపెల్లరూ ఇంజినూ ఒకే ఇరుసుకి, గేర్‌బాక్స్ ద్వారా గట్టిగా బిగించి ఉంటాయి. స్టార్టర్ తిప్పినప్పుడు ప్రొపెల్లర్‌ని కూడా మోయాలి. రెక్కలు ఫెదర్‌లో (అంచు ముందుకి తిరిగేలా నిలువుగా) ఉంటే గాలి అడ్డుపడి స్టార్టర్ చచ్చిపోతుంది. అందుకని రెక్కలు చదునుగా ఉండేలా చిన్న పిన్నులతో లాక్ చేసి స్టార్ట్ చేస్తారు. స్టార్ట్ అయ్యాక పవర్ లివర్లని ఒకసారి రివర్స్ వైపుకి లాగితే ఆ పిన్నులు వదులుతాయి. అప్పటిదాకా ఎంత తోసినా కదలదు. ఆపేటప్పుడు మళ్లీ రివర్స్‌లోకి లాగి ఆపితే పిన్నులు పడతాయి, తర్వాతి స్టార్ట్‌కి సిద్ధం.

శబ్దం ఎక్కువ రావడం కూడా నిజమే. ఇరుసు ఒక్కటే కాబట్టి నేల మీద నిలబడ్డా ప్రొపెల్లర్ మరీ నెమ్మదించలేదు. డోర్నియర్ పక్కన నిలబడితే మాట వినపడదు.

కడప_క్యాప్టెన్
ఓరినీ! లాగి చూసినా. కదిలింది!! నెల రోజుల నుంచి పుష్‌బ్యాక్ బండితో రన్‌వే దాకా తోయించుకుంటాండా.

కీబోర్డు_పైలట్
రన్‌వే దాకా పుష్‌బ్యాక్ 😂 ఆ ట్రాక్టర్ డ్రైవర్‌కి ఓవర్‌టైమ్ ఇవ్వాలి అన్నా.

గోదారి_గట్టు
విండ్‌సాక్ గారూ, మైనస్ 100 యాక్సిస్ కట్టా. టాక్సీ కుదిరింది, మహాప్రభో! లివరు జీఐలో పెడితే నిజంగానే నెమ్మదిస్తోంది. కానీ కొత్త చిక్కు. ఇందాక దిగేటప్పుడు 200 అడుగుల ఎత్తులో స్లయిడర్ కాస్త ఎక్కువ లాగా. ఒక్కసారిగా ముక్కు కిందికి పోయి రాయిలా పడిపోయింది. రన్‌వే ముందే నేలకి కొట్టింది. దీనికన్నా ముందుదే నయమేమో?

విండ్‌సాక్
యాక్సిస్ వెనక్కి మార్చకండి. మీరు గాల్లో బీటాలోకి వెళ్లారు. పళ్లేలు అడ్డం పెట్టడం అన్నానే, అదే.

కుడిసీటు
దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మాకు క్లాసులో మొదటి వారమే చెప్పే విషయమిది.

2002 నవంబరు 6న లక్సెంబర్గ్ దగ్గర లక్స్‌ఎయిర్ ఫోకర్ 50 దిగడానికి వస్తూ పొగమంచులో పడిపోయింది. గాల్లో ఉండగానే లివర్లు ఫ్లైట్ ఐడిల్ దాటి వెనక్కి వచ్చాయి. 22 మందిలో 20 మంది పోయారు. 2011 అక్టోబరు 13న పాపువా న్యూ గినీలో మదాంగ్ దగ్గర డాష్ 8. కిందికి దిగుతుండగా లివర్లు ఫ్లైట్ ఐడిల్ వెనక్కి వెళ్లాయి, రెండు ప్రొపెల్లర్లూ హద్దు మీరి తిరిగాయి, ఇంజిన్లు పనికిరాకుండా పోయాయి. 32 మందిలో 28 మంది చనిపోయారు.

ఆ ట్రిగ్గర్, ఆ గేటు ఎందుకుందో ఈ రెండూ చదివితే తెలుస్తుంది. మీ స్లయిడర్‌కి గేటు లేదంటే గేటు చేసుకోండి. వేలికి తగిలేలా ఏదో ఒకటి ఉండాలి. చూసి గుర్తుపట్టడం సరిపోదు, దిగేటప్పుడు కళ్లు బయటే ఉండాలి.

గోదారి_గట్టు
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. గేటు తప్పకుండా పెట్టాలి. ఎలా?

ఎంసీల్_మేస్త్రి
నా ఇలాకాలోకి వచ్చారు. నా స్లయిడర్‌కి నేను చేసింది చెబుతా, నాలుగేళ్లుగా కదల్లేదు.

ముందు సిమ్‌లో లివరు సరిగ్గా ఎఫ్‌ఐ గీత మీద ఉండేలా స్లయిడర్ పెట్టి, పక్కన పెన్సిల్‌తో గీత గీయండి. ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటి రెండు సెంటీమీటర్లకి తుంచి, స్లయిడర్ దారి పక్కన, గీతకి ఆనుకునేలా నిలబెట్టండి. పుల్ల కింది కొస మాత్రమే ఎంసీల్‌తో అతికించండి. పై కొస వదులుగా, వేలితో పక్కకి వంచగలిగేలా ఉండాలి. ఎంసీల్ రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, చిక్కుడు గింజంత చాలు. ఒక రాత్రి ముట్టుకోకండి. పొద్దున్నే చూస్తే స్లయిడర్ కిందికి లాగినప్పుడు పుల్లకి తగిలి ఆగుతుంది. చూపుడు వేలితో పుల్లని పక్కకి వంచితేనే కిందికి పోతుంది. అదే మీ ట్రిగ్గర్.

మొదటిసారి నేను ఫెవిక్విక్ వాడా. స్లయిడర్ లోపలికి కారి అంటుకుపోయింది. అది వాడకండి.

ఫ్రిస్కో_ఫీడర్
ఇక్కడ గేట్లున్న క్వాడ్రంట్‌కి (లివర్ల పెట్టె) వందల డాలర్లు పెట్టా నేను. మేస్త్రి గారి పుల్ల ఫొటో పెడితే నా క్వాడ్రంట్ పక్కన పెట్టుకుంటా.

విండ్‌సాక్
పుల్లతోపాటు సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎఫ్‌ఐ దగ్గర చిన్న డెడ్ జోన్ (స్లయిడర్ కదిలినా సిమ్ పట్టించుకోని చోటు) పెట్టండి. చౌక స్లయిడర్లు ఒక్కచోట నిలవవు, సంఖ్య అటూ ఇటూ వణుకుతుంది. ఆ వణుకు బీటాలోకి పోకూడదు. ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే సర్దుబాటు ప్రోగ్రామ్ ఉంటే ఇది చక్కగా చేసుకోవచ్చు.

పాత_సిమ్మర్
అందరూ యాక్సిస్ మీదే పడ్డారు. నాకు పూర్తి సమ్మతం కాదు. యాక్సిస్ సరిగ్గా ఉన్నా పరిగెత్తే విమానాలు నేను చాలా చూశా. పాత తరం సిమ్‌లలో నేల రాపిడి మరీ ఎక్కువ. విమానం కదలాలంటే బోలెడంత పవర్ పెట్టాల్సి వచ్చేది. అందుకని ఫైళ్లు రాసేవాళ్లు ఐడిల్ తోపు పెంచి సర్దేవారు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ పాత సిమ్) ఎయిర్‌క్రాఫ్ట్ ఫైల్లో ప్రొపెల్లర్ విభాగం తెరిస్తే మినిమమ్ ఆన్ గ్రౌండ్ బీటా, మినిమమ్ రివర్స్ బీటా, థ్రస్ట్ స్కేలర్ అని ఉంటాయి. అలా సర్దిన విమానాన్ని రాపిడి తక్కువున్న కొత్త సిమ్‌లోకి తెచ్చి పడేస్తే జీఐలో పెట్టినా దౌడు తీస్తుంది. నేను సొంతంగా తెచ్చుకున్న ఒక విమానంలో ఆన్ గ్రౌండ్ బీటా ఒక్కో డిగ్రీ తగ్గిస్తూ పోతే నాలుగో ప్రయత్నంలో దారికొచ్చింది.

విండ్‌సాక్
మీరన్నదీ నిజమే. కానీ ముందు లివరు ఎక్కడుందో చూసుకోకుండా ఫైలు తెరిస్తే రోగం ఒకటి, మందు ఇంకోటి అవుతుంది. గోదారి_గట్టు గారిది యాక్సిస్ మార్చగానే కుదిరింది కదా.

పాత_సిమ్మర్
వరస అలాగే ఉండాలి, ఒప్పుకుంటా. ముందు లివరు, తర్వాతే ఫైలు. ఫైలు ముట్టుకునే ముందు కాపీ తీసి పెట్టుకోండి, ఎంతమంది ఏడ్చారో చూశా.

గోదారి_గట్టు
ఇంకో సందేహం మిగిలింది. గడ్డిలోకి జారిన సంగతి. అది కూడా వేగం వల్లేనా? టేకాఫ్‌లో కూడా నాకు ముక్కు పాములా అటూ ఇటూ పోతుంది. మలుపులకీ రడ్డర్‌కీ (తోక మీది నిలువు పలక) ఒకటే, స్టిక్ మెలితిప్పుతా.

కుడిసీటు
ఏటీఆర్‌లో పెడల్స్‌కీ ముక్కు చక్రానికీ సంబంధం లేదు. చక్రం తిప్పేది టిల్లరే, అటు 60 ఇటు 60 డిగ్రీలు. మీరు మెలితిప్పేటప్పుడు ఒకే యాక్సిస్‌తో రడ్డరూ, 60 డిగ్రీల చక్రమూ రెండూ తిరుగుతున్నాయి. 50 నాట్ల దగ్గర ముక్కు చక్రాన్ని 20 డిగ్రీలు తిప్పితే జారకుండా ఏ విమానమూ ఉండదు.

మేం టేకాఫ్ చేసేటప్పుడు మొదట కెప్టెన్ ఎడమ చేయి టిల్లర్ మీదే ఉంటుంది. 70 నాట్ల పిలుపు వచ్చేసరికి రడ్డర్‌కి గాలి పట్టు దొరుకుతుంది, అప్పుడు టిల్లర్ వదిలేస్తారు. నేను నడిపే విడతలో కూడా 70 దాకా టిల్లర్ ఆయనదే.

విండ్‌సాక్
సిమ్‌లో ముక్కు చక్రానికి విడిగా స్టీరింగ్ యాక్సిస్ కట్టొచ్చు. పాత గేమ్‌ప్యాడ్ ఇంట్లో ఉంటే దాని బొటనవేలి పుల్లకి కట్టండి. అదీ లేకపోతే మెలి యాక్సిస్‌కి మధ్యలో మెత్తగా, చివర్లో గట్టిగా ఉండే వంపు పెట్టండి. డాష్ 8 క్యూ400 నడిపేవాళ్లకి కాస్త వెసులుబాటు, అందులో టిల్లర్ 70 డిగ్రీలు, పెడల్స్‌తో కూడా 8 డిగ్రీలు తిరుగుతుంది.

ఫ్రిస్కో_ఫీడర్
కారవాన్‌లో పెడల్స్‌తో 15 డిగ్రీలే. అంతకన్నా తిరగాలంటే లోపలి వైపు బ్రేకు తడితే చక్రం తనే మెలి తిరుగుతుంది.

వరంగల్_వింగ్స్
పక్కగాలికి ముక్కు గాలి దిక్కు తిరుగుడు సంగతేంది? బేగంపేటల 15 నాట్ల పక్కగాలి వెడితె టాక్సీల గుడ కోడి లెక్క తిరుగుతది.

కుడిసీటు
తిరగడం నిజమే తమ్ముడూ. ఏటీఆర్ తోక చూశావు కదా, ఎంత పొడవుంటుందో. గాలి దాన్ని నెడితే ముక్కు గాలి వైపు తిరుగుతుంది. కానీ 15 నాట్లకి టాక్సీలో టిల్లర్‌తో కొంచెం పట్టుకుంటే సరిపోతుంది, పోట్లాడాల్సిన పని లేదు. నీకు పోట్లాటలా ఉందంటే సిమ్ కాస్త ఎక్కువ చూపిస్తోంది. టాక్సీలో గస్ట్ లాక్ వేసే ఉంచు, ఎయిలరాన్లు, ఎలివేటర్ (రెక్కల మీది, తోక మీది కదిలే పలకలు) గాలికి కొట్టుకోవు. గస్ట్ లాక్ వేసుంటే పవర్ లివర్లు కూడా ఎఫ్‌ఐ దాటి కొంచెమే ముందుకి పోతాయి, కాబట్టి టేకాఫ్‌కి ముందు మరచిపోలేవు.

కీబోర్డు_పైలట్
ఇంత చదివాక నాకూ ఒక స్లయిడర్ కొనాలనిపిస్తోంది. మేస్త్రి గారూ, ఐస్‌క్రీమ్ ఏ ఫ్లేవర్?

ఎంసీల్_మేస్త్రి
మామిడి. పుల్ల వెడల్పుగా ఉంటుంది.

గోదారి_గట్టు
రెండు రోజులు కనిపించలేదు, ఎంసీల్ ఆరనిచ్చా. ఇప్పుడే మళ్లీ రాజమండ్రి దిగా. వరసగా రాస్తా, తప్పుంటే చెప్పండి.

50 అడుగుల నుంచి మెల్లగా లాగుతూ వచ్చా, పుల్లకి తగిలి ఆగింది. చక్రాలు తగిలాయి, ముక్కు దించా, అప్పుడు వేలితో పుల్ల వంచి జీఐకి తెచ్చా. ప్రొపెల్లర్ గొంతు మారింది! ఫ్రిస్కో గారు చెప్పిన గరగర హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వినపడింది. లో పిచ్ లైట్లు (రెక్కలు చదునయ్యాయని చెప్పేవి) రెండూ వెలిగాయి. బ్రేకు తొక్కకుండానే 70 నాట్లకి వచ్చేసింది. గేమ్‌ప్యాడ్ పుల్లతో వెనక్కి తిరిగా, జారలేదు. ఏప్రన్ దాకా 18, 19 నాట్లు. బ్రేకు మొత్తం మీద రెండుసార్లు. గోడ మీద కూర్చుని చూసిన నడక అచ్చం అదే, చెబితే నమ్మరు కానీ కళ్లు చెమర్చాయి.

కుడిసీటు
రెండు లో పిచ్ లైట్లూ చూశాకే రివర్స్ గురించి ఆలోచించాలి. ఒకటే వెలిగితే రివర్స్ లేదు. మిగతాదంతా సరిగ్గా చేశారు.

హ్యాంగర్_సీను
ఆపడం ఎలా ఆపారు?

గోదారి_గట్టు
అక్కడే ఆగిపోయా సీను గారూ. ఎడమది ఫెదర్‌లో కాసేపు పెట్టి ఆపేశా. కుడిది హోటల్ మోడ్‌లో పెడదామనుకున్నా. టెర్మినల్ ముందు కుడి ప్రొపెల్లర్ ఆగిపోయి ఇంజిన్ మాత్రం కూత పెడుతూ ఉండటం చిన్నప్పుడు చూసి, పాడైందేమో అని నాన్నని అడిగేవాణ్ణి. అది చేసి తీరాలని కోరిక. పక్కనున్న కండిషన్ లివరు ఎఫ్‌టీఆర్‌లో (అంటే ఫెదర్) పెట్టా. ప్రాప్ బ్రేక్ పక్కన రెడీ లైటు వెలగట్లేదు.

హ్యాంగర్_సీను
పాడవలేదని మీ నాన్నగారికి ఇప్పుడు చెప్పండి. ఏటీఆర్‌కి తోకలో ఏపీయూ (నేల మీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న ఇంజిన్) ఉండదు. ప్రయాణికులు ఎక్కేటప్పుడు కరెంటు, ఏసీ గాలి కావాలి కాబట్టి కుడి ఇంజిన్ నడుస్తూ ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ని బ్రేకుతో పట్టి ఉంచుతారు. సామాను తలుపు, మనుషుల తలుపు రెండూ ఎడమ వైపే, అందుకే ఎడమది పూర్తిగా ఆగాలి. తోకవైపు నుంచి గాలి గట్టిగా కొడుతుంటే మాత్రం ఇది పెట్టరు.

రెడీ లైటుకి కావలసినవి: పవర్ లివరు జీఐ, కండిషన్ లివరు ఎఫ్‌టీఆర్, బ్లూ హైడ్రాలిక్ ప్రెషర్, గస్ట్ లాక్. మీ పవర్ లివరు జీఐలోనే ఉందా?

గోదారి_గట్టు
జీఐలోనే ఉంది. బ్లూ ప్రెషర్ ఉంది.

కుడిసీటు
గస్ట్ లాక్?

గోదారి_గట్టు
వేయలేదు! ఆగండి.

గోదారి_గట్టు
వెలిగింది. ప్రొపెల్లర్ ఆగింది, ఇంజిన్ కూస్తోంది. నాన్నని పిలుస్తున్నా.